రంగమ్మాళ్ ముఖానికి ఆలస్యంగా వచ్చిన సీజన్

బొంబాయి నుంచి సీజన్ పెట్టె వచ్చే రోజు నేను తలంటుకుని పనికి వెళ్లేదాన్ని. నవ్వకండి. పెట్టె మూతకు కుంకుమ బొట్టు పెట్టి, పెరుమాళ్లకు ఒక దండం పెట్టుకున్నాకే మేకులు పీకేదాన్ని. లోపల ఎండుగడ్డి, ఆ గడ్డి మధ్య పిట్ట గుడ్లలాగా చిన్న చిన్న డబ్బీలు. లిప్‌స్టిక్ మూత తీస్తే మైనం, ఆముదం, గులాబీ కలిసిన వాసన వచ్చేది. ఎవరి వేలూ తగలని రూజు డబ్బీ నున్నగా మెరిసేది. ఆ మొదటి వేలు పెట్టడానికి నాకు మనసొప్పేది కాదు.

మన తెలుగు సంఘం వాళ్లు, ఇప్పుడు బ్యూటీ పార్లర్ పనుల్లోకి వస్తున్న ఆడపిల్లల కోసం నాలుగు మాటలు రాయమన్నారు. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఏ శాలువా కప్పారు అనేవి రాయను. నాకు ఈ పని నేర్పింది ఒకే ఒక ముఖం. దాని గురించి రాస్తాను.

నేను ఎట్లా వచ్చాను

నేను పుట్టింది మధురైలో, పాత తెలుగు వీధిలో. బడికి పంపలేదు. నాయనమ్మ బియ్యం చేటలో వేలు పట్టి తెలుగు అక్షరాలు దిద్దించింది. బయట అంతా అరవమే అయినా ఇంట్లో ఆమె పుణ్యాన ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. పెళ్లయి కోయంబత్తూరు వచ్చాక మా వీధిలో పెళ్లికూతుళ్లకు జడ అల్లడం, బుగ్గ చుక్క పెట్టడం చేసేదాన్ని. అట్లాంటి ఒక పెళ్లిలో మిల్లు యజమానిగారి చిన్నకోడలు నన్ను చూశారు. ఆమెను అందరం చిన్నమ్మగారు అనేవాళ్లం.

మిల్లుకు ఆర్.ఎస్. పురంలో సొంత షోరూమ్ ఉండేది. ఎండాకాలానికి వాయిల్ చీరలు, దీపావళికి జరీ అంచులు, చలికి కొంచెం మందం బట్టలు అని మిల్లు సీజన్ సీజన్‌కూ కొత్త సరుకు దించేది. దించిన ప్రతిసారీ ఒక షో జరిగేది. పెద్ద ఇళ్ల ఆడవాళ్లూ బట్టల వ్యాపారులూ కూర్చుని చూస్తుంటే అమ్మాయిలు ఆ చీరలు కట్టుకుని నడిచేవాళ్లు. చీరలకు తగిన ముఖం రంగులు ఏవో బొంబాయిలో తీర్మానమై, పెట్టెలో వచ్చేవి. వాటిని ఆ ముఖాల మీద వేయడం నా పని.

చిన్నమ్మగారికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. స్పాంజి ఎంత తడిగా ఉండాలి, దవడ కింద రంగు ఎట్లా కలిపేయాలి, కనురెప్ప మీద నీలం ఎక్కడ ఆపాలి, అంతా ఆమె పక్కన నిలబడి నేర్పారు. ఒక్కరోజు కసురుకోలేదు. ఆమె మంచి మనిషి. ఈ కథలో చెడ్డవాళ్లు ఎవరూ లేరు. ఉంటే ఎవరినో ఒకరిని తిట్టుకుని నిద్రపోయేదాన్ని.

కనుబొమల్లో పంజు

షోలకు ఎక్కువగా మద్రాసు నుంచి మోడళ్లను రప్పించేవాళ్లు. ఒక ఎండాకాలం షోకు ఒక అమ్మాయి తక్కువైంది. చిన్నమ్మగారు మిల్లు చూడబోయి, అక్కడ పనిచేసే ఒక అమ్మాయిని కారులో వెంటబెట్టుకుని వచ్చేశారు. ఆ అమ్మాయే రంగమ్మాళ్.

వేస్టు పంజు గదిలో ఆమె పని. మిషన్ల కింద రాలిన దూదిని, మేము పంజు అంటాం, ఆడవాళ్లు గుట్టల ముందు కూర్చుని ఏరి వేరు చేసే గది అది. అక్కడ గాలి కూడా దూదే. రంగమ్మాళ్ నా ఎదుట కూర్చునేసరికి కనుబొమల్లో, రెప్పల్లో, చెవి అంచున తెల్లటి నూగు అంటుకుని ఉంది. ముసలి వేషం వేసినట్టుంది. అది నీళ్లకు పోదు. ఆముదం రాసి, నాననిచ్చి, మెత్తటి గుడ్డతో ఒక్కొక్క పోగూ తీయాలి.

తీస్తూ తీస్తూ ఉంటే కింద నుంచి ముఖం బయటపడింది. కాచిన బెల్లం పాకం రంగు, పైన సన్నటి మెరుపు. కళ్లు పెద్దవి కావు గాని ఎదుటివాళ్లను కదలనివ్వవు. నా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఏం అక్కా, అట్ల చూస్తా వుండావు? పంజు ఎత్తేస్తే లోపల ఏమీ లేదా?" అంది.

"వుండాది అమ్మణీ. వుండేదాన్ని చూస్తా వుండాను."

"మా అమ్మ అంటాది, నన్ను కనేటప్పుడు కరెంటు పోయిందంట. అందుకే ఈ కలరు."

చిన్నమ్మగారు పక్కన సీజన్ డబ్బీలు సర్దుతున్నారు. ఆ సీజన్ రంగు వెన్నెల. ముఖం పాలలాగా ఉండాలి, పెదవి ఉన్నట్టే తెలియకూడదు, కన్ను మాత్రం నల్లగా పెద్దగా ఉండాలి.

"ఈ సీజన్ పెదవే వుండకూడదు, అలమేలూ. చూసేవాళ్లకి కన్ను మాత్రమే వుండాల," అన్నారు నాతో.

"పెదవి లేకపోతే బువ్వ ఎట్ల తినేదింగ?" అంది రంగమ్మాళ్.

చిన్నమ్మగారు పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే మాట ఇచ్చారు. "బాగా నడిస్తే నిన్ను ఇక్కడే వుంచేసుకుంటాను అమ్మణీ. చీరలు విప్పి చూపించే పని. పంజు గదికి పోయేదే వద్దు."

రంగమ్మాళ్ నవ్వడం మానేసింది. నోటికి పైట అడ్డం పెట్టుకుని దగ్గింది. పొడి దగ్గు, కింద నుంచి తవ్వుతున్నట్టు వచ్చింది. దగ్గు ఆగాక ఆమె పెదవులు చూశాను. అంచుల్లో లేత నీలం ఉంది. ఏ డబ్బీలోనూ లేని నీలం.

చిన్నమ్మగారు అవతలికి వెళ్లాక నెమ్మదిగా చెప్పింది. "మిల్లు డాక్టరు చెప్పినారు అక్కా. ఆ గది విడిచి వచ్చేసేదే మందు, వేరే మందు లేదని. ఆదివారం లీవు ముగించి సోమవారం పోయినామంటే ఎదమీద ఎవరో కూచున్నట్ల వుంటాది. ఈ వేలై, ఈ చీరల పని మాత్రం దొరికిందంటే నేను బతికిపోతాను."

ఆ షో అంటే ఆమెకు ఏమిటో అప్పుడు అర్థమైంది. చూడవచ్చే వాళ్లకు అది ఒక సాయంత్రం కాలక్షేపం. ఆమెకు ఊపిరి.

ఎర్రనీళ్లు

షో శుక్రవారం పెట్టారు, మంచిరోజని. షోరూమ్ వెనక గదిలో ఒక్క గుండు బల్బు వెలిగేది. అమ్మాయిలందరికీ ముందే చెప్పాను: ముఖానికి నూనె వద్దు, పసుపు వద్దు, ఒట్టి నీళ్లతో కడుక్కుని రండి.

రంగమ్మాళ్ తల్లి కుప్పమ్మత్త ఊరుకుంటుందా? శుక్రవారం పూట, కూతురి బతుకు మారే రోజు, పసుపు లేని ముఖంతో గడప దాటనిస్తుందా? కొమ్ము పసుపు అరగదీసి మందంగా పట్టించి, పెరుమాళ్లకు మొక్కి, కడిగి పంపింది. కడిగినా చర్మానికి పట్టిన పసుపు పోదు. గుండు బల్బు పచ్చటి వెలుగులో పసుపు కంటికి ఆనదు. నాకు ఆనలేదు.

వెన్నెల రంగు లోషన్ సీసాల్లో వచ్చింది చాలలేదు. బొంబాయి మేకప్ మాస్టర్ రాసి పంపిన పద్ధతిలో నేనే కలిపాను. జింకు పొడి, పన్నీరు, గ్లిజరిను, కలవడానికి సున్నపు తేట. మద్రాసు అమ్మాయిలకు వేశాను. పాలమీగడలాగా కుదిరింది. రంగమ్మాళ్‌కు వేశాను. దవడ దగ్గర మొదలై, బుగ్గ మీదికి, నుదుటి మీదికి ఎర్రటి మచ్చలు లేచాయి. చూస్తుండగానే ఒకదానికొకటి కలిసిపోయాయి.

మద్రాసు అమ్మాయిలు స్టూళ్లు వెనక్కి జరుపుకున్నారు. ఒకతె, "ఐయో, అమ్మై!" అంది. ఆటలమ్మ అన్నమాట. ఆ మాటతో గది ఖాళీ అయింది. చిన్నమ్మగారు గుమ్మంలోనే ఆగిపోయి, చేతిలో ఉన్న చీరను వెనక్కి పెట్టుకున్నారు.

రంగమ్మాళ్ అద్దం చూసుకుంది. ఏడవలేదు. "అక్కా, పోయిందా?" అంది. ముఖం గురించి అడగలేదు. పని గురించి అడిగింది.

ఆ ఎరుపు నాకు తెలిసిన ఎరుపు. ఎక్కడ చూశానా అని ఒక్క క్షణం తన్నుకున్నాను. పెళ్లికూతురు గడప దాటితే, బిడ్డను ఇంటికి తెస్తే, పళ్లెంలో పసుపు వేసి సున్నం వేసి మనం కలుపుతామే, ఆ హారతి నీళ్ల ఎరుపు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి కలుపుతున్నాను. ముఖం మీద అదే కలుస్తుందని నాకు తట్టలేదు. కుప్పమ్మత్తకు తట్టలేదు, పసుపు పూసుకోవద్దంటే సరేనని తలూపిన రంగమ్మాళ్‌కూ తట్టలేదు. మన ఇళ్ల ఆడవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు ఇది. బొంబాయి మాస్టర్‌కు పసుపు ముఖాలు ఎదురుకావు.

"ఒక నిమ్మకాయ!" అని అరిచాను. గుమ్మానికి దిష్టికి కట్టిన నిమ్మకాయ ఉంటే తెంపాను. పెరుమాళ్లు క్షమించాలి. పిండి, నీళ్లలో కలిపి తుడిస్తే ఎరుపు వెనక్కి తగ్గి పసుపైంది. తరువాత కొబ్బరినూనెతో పసుపూ తీశాను. మళ్లీ ఆ లోషన్ వేసే ధైర్యం లేదు, వేళ కూడా లేదు. కాటుక, కొంచెం పౌడరు, పెదవుల నీలం కప్పడానికి నా పాత డబ్బీలోంచి లేత ఎరుపు, అంతే. ఆమె ముఖం ఆమెకు ఇచ్చేసి పంపించాను.

నడిచింది. వేస్టు గదిలో గుట్టల మధ్య పంజు లేవకుండా పాదం మోపడం అలవాటైన నడక అది, నేల మీద ఆనీ ఆననట్టు. పాల ముఖాల వరసలో బెల్లం రంగు ముఖం ఒక్కటి రాగానే హాలులో మాటలు ఆగిపోయాయి. తెర వెనక నిలబడి నేను కళ్లు మూసుకుని చేతులు జోడించాను. దగ్గు రాకూడదు, తిరిగి వచ్చేదాకా రాకూడదు అని. రాలేదు. తెర వెనక్కి వచ్చాక నా భుజం పట్టుకుని కూలబడి, అప్పుడు దగ్గింది.

వచ్చే సీజన్

షో ముగిశాక చిన్నమ్మగారు నన్ను పక్కకు పిలిచారు. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. అబద్ధం చెప్పను.

"ఎంత బాగుండాదో అలమేలూ. అదే కష్టం. వచ్చినవాళ్లు చీరను చూడలేదు, దాన్నే చూసినారు. ఈ సీజన్ వెన్నెల. షోరూమ్‌లో దీన్ని నిలబెడితే బయట బోర్డు మీద ఒక ముఖం, లోపల ఒక ముఖం అవుతాది. వచ్చే సీజన్ చూస్తాం, ఏం?"

"ఊడ్చే పని అయినా పరవాలేదుంగ. దానికి ఎద సరిలేదు."

"ఊడ్చే దానికి మారియమ్మ వుండాది కదా. ఆమెను పొమ్మని నువ్వే చెప్తావా?"

మారియమ్మకు ముగ్గురు పిల్లలు. నేను చెప్పలేదు.

రంగమ్మాళ్‌తో వచ్చే సీజన్ అని చెప్పాను. "సరి అక్కా. పంజు ఎక్కడికి పోతాది, అంతదాకా నాకోసం వుంటాది," అని నవ్వి, మరునాడు ఆ గదికే వెళ్లింది.

అప్పటి నుంచి పెట్టె విప్పే పద్ధతి మారింది. వాసన చూడటం మానేశాను. మూత తీయగానే ఆమె రంగు కోసం వెతికేదాన్ని. దీపావళి పెట్టెలో గులాబీ వచ్చింది. చలికాలం పెట్టెలో దంతం రంగు వచ్చింది. పూజ గదిలో కూర్చుని, మోక్షం అడగవలసిన నోటితో, పెరుమాళ్ల ముందు ఒక గోధుమ రంగు అడిగాను. ఇట్లాంటి మొక్కు ఆయన ఇంకెవరి దగ్గరా విని ఉండరు.

అమ్మాయిలూ, ఫ్యాషన్ అబద్ధమని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ రంగులు నిజంగా అందమైనవి. వాటిని ప్రేమించినందుకు నేను ఈనాటికీ సిగ్గుపడను. కాని వాటికి మనం అక్కరలేదు. సీజన్ దాని దారిన తిరిగి తిరిగి, ఎప్పుడో ఒకప్పుడు మన ముఖం దగ్గరికి కూడా వస్తుంది. మనం అప్పటికి ఉంటామా లేదా అని అది అడగదు.

మట్టి రంగు

మరుసటి ఎండాకాలం పెట్టెలో వచ్చింది. కాలిన మట్టి, రాగి, ముదురు బెల్లం. మధ్యలో ఒక డబ్బీ తీసి వెలుగులో పట్టుకున్నాను. రంగమ్మాళ్ బుగ్గ మీద నుంచి గీరి తీసి డబ్బీలో నింపినట్టుంది. చిన్నమ్మగారు చూసి చప్పట్లు కొట్టారు.

"అయ్యో, మన రంగమ్మాళ్! పిలుచుకుని రా, ఇప్పుడే పో! ఈసారి బోర్డు మీద కూడా అదే!"

డబ్బీని సంచిలో వేసుకుని మిల్లుండే పీళమేడుకు బస్సెక్కాను. దారి పొడుగునా పెరుమాళ్లకు దండాలే. మిల్లు లైను ఇళ్లలో చివరిది వాళ్లది. గుమ్మంలో కుప్పమ్మత్త నన్ను చూసి పక్కకు తొలగింది గాని, రా అనలేదు.

లోపల రంగమ్మాళ్ గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదట. కూర్చునే నిద్రపోతుందట. మెడ దగ్గర గుంట ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది. కనుబొమలు నల్లగా ఉన్నాయి. పంజు గదికి వెళ్లి చాలా రోజులైందని వాటిని బట్టి తెలిసింది.

"రా అక్కా." ఒక్కొక్క మాటకూ ఆగి ఊపిరి తీసింది. "ఏమి... పెట్టె వచ్చిందా?"

"వచ్చింది అమ్మణీ. నీ కలరు."

డబ్బీ తెరిచి చూపించాను. చాలాసేపు చూసింది. "నిజంగానే... నాదే," అంది. "పెట్టు అక్కా. చూస్తాం."

కుప్పమ్మత్త చిమ్నీ దీపం దగ్గరికి తెచ్చి పట్టుకుంది. నేను స్పాంజి తడిపి, పిండి, వేలికొనతో కొంచెం తీసుకుని, బుగ్గ మీద, నుదుటి మీద, దవడ కింద కలిపాను. నా జీవితంలో అంత బాగా ఏ ముఖం మీదా రంగు కుదరలేదు. ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో నాకే తెలియలేదు. అద్దం ఇచ్చాను. అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంది.

"ఏమీ తెలియలేదే అక్కా," అంది. "ఏమన్నా పెట్టినావా, లేదా?"

"పెట్టినాను."

"అప్పుడు... ముందే నేను ఇట్లనే వుంటినా?"

నేను డబ్బీ మూత పెట్టాను. పెదవుల నీలం మాత్రం ఆ డబ్బీతో కప్పబడలేదు.

కుప్పమ్మత్త లేచి వెళ్లి పళ్లెంలో పసుపు, సున్నం కలిపింది. కూతురి ముఖం చుట్టూ ఎర్రనీళ్లు తిప్పుతుంటే పళ్లెం ఒరిగి ఒలికేటట్టు ఉంది.

"అమ్మా, మెల్లగా," అంది రంగమ్మాళ్. "మళ్ళా మొగానికి తగిలించేయబోకు. అక్క... నిమ్మకాయకి ఎక్కడికి పరిగెత్తేది?"

ముగ్గురం నవ్వాం. ఆ నవ్వు ఆమెకు దగ్గుగా మారింది.

నేను షోరూమ్‌కు తిరిగి వెళ్లి, ఆమె లేవలేని స్థితిలో ఉందని చెప్పాను. చిన్నమ్మగారు కుర్చీలో కూర్చుండిపోయారు. ఆస్పత్రికి కారు పంపారు. ఆమె పంపగలిగింది అదే, అందుకూ నాకు కృతజ్ఞతే. రంగమ్మాళ్ ఆ షో దాకా ఉండలేదు.

ఈ పనిలోకి వస్తున్న పిల్లలకు నేను ఇవ్వగల పాఠం చిన్నది. ఎవరైనా వచ్చి మీ ముందు ముఖం ఎత్తి కూర్చుంటే, డబ్బీ తెరవక ముందు ఆ మనిషి ఊపిరి వినండి. విని మీరు చేయగలిగింది ఏమీ లేకపోవచ్చు. నేను ఏమీ చేయలేకపోయాను. అయినా వినండి.

షో ఆగలేదు. రంగు వచ్చింది కదా, చీరలు అచ్చయ్యాయి కదా. మద్రాసు నుంచి ఇద్దరు తెల్లటి అమ్మాయిలు వచ్చారు. వాళ్లను రంగమ్మాళ్ రంగులోకి తెచ్చింది నేనే. మెడలకు, చేతులకు, వీపులకు పొర మీద పొర వేశాను. సాయంత్రమయ్యేసరికి డబ్బీ అడుగు రేకు కనపడింది. ఆమెకు వేలికొన మీది రంగు చాలింది.